కంప్యూటర్‌ను నిజంగా గుర్తించే నంబర్ ఏది? ఒక కోచింగ్ సెంటర్ ప్రశ్నకు వివరమైన సమాధానం

దిల్‌సుఖ్‌నగర్‌లో 40 కంప్యూటర్లతో కోచింగ్ సెంటర్ నడుపుతున్న మీరు నాలుగు ఇబ్బందులు రాశారు. ప్రింటర్లు ఒక రోజు బాగా పనిచేసి మరుసటి రోజు ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తున్నాయి. రౌటర్‌లో మ్యాక్ నంబర్ పెట్టి అడ్డుకున్న విద్యార్థుల ఫోన్లు కొన్నాళ్లకు వేరే నంబర్‌తో మళ్లీ వైఫైలో చేరుతున్నాయి. ఇంటి నుంచి సీసీ కెమెరాలు చూడటానికి పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా ఏమీ కనిపించడం లేదు. ఒకే పూట ముప్పై మంది చేత దరఖాస్తులు నింపిస్తే, మీ ఐపీ అడ్రస్ నుంచి అభ్యర్థనలు ఎక్కువయ్యాయంటూ పరీక్షల వెబ్‌సైట్ ఆపేస్తోంది. వీటన్నిటి తర్వాత, కంప్యూటర్‌ను నిజంగా గుర్తించే నంబర్ అసలు ఏది అని అడిగారు. హైదరాబాద్‌లో ఆఫీసులకు, కాలేజీలకు నెట్‌వర్క్‌లు వేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాడిగా, ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఎందుకంటే మిగిలిన నాలుగూ దాని లోపలే ఉన్నాయి.

అన్ని చోట్లా చెల్లే అలాంటి నంబర్ ఒకటి లేదు. ఒకే యంత్రానికి ఒకే సమయంలో నాలుగైదు గుర్తింపులు ఉంటాయి: నెట్‌వర్క్ కార్డుకు తయారీదారు ఇచ్చిన మ్యాక్ నంబర్, మీ రౌటర్ కేటాయించిన ఐపీ అడ్రస్, బయటి ప్రపంచానికి కనిపించే వేరొక ఐపీ అడ్రస్, లోపల నడుస్తున్న ప్రోగ్రామ్‌ను సూచించే పోర్ట్ నంబర్, మనుషులు పెట్టుకున్న పేరు. వీటిలో ఒక్కోదాన్ని ఇచ్చినవారు ఒక్కొక్కరు, ఒక్కోదానికి చెల్లుబాటయ్యే హద్దు ఒక్కొక్కటి. ఒక హద్దులో చెల్లే గుర్తింపును ఇంకో హద్దులో నమ్ముకున్నప్పుడే నెట్‌వర్క్ మొరాయిస్తుంది. కాబట్టి ఏ నంబర్ కనిపించినా, దీన్ని ఎవరు ఇచ్చారు, ఎక్కడి వరకు చెల్లుతుంది అని ముందు తేల్చుకోవాలి.

మ్యాక్ నంబర్ 48 బిట్ల సంఖ్య. దాన్ని రెండేసి అక్షరాల చొప్పున ఆరు జంటలుగా రాస్తారు. సాధారణంగా మొదటి 24 బిట్లను ఐఈఈఈ అనే సంస్థ తయారీ కంపెనీకి కేటాయిస్తుంది. మిగిలిన 24 బిట్లను ఆ కంపెనీ తన కార్డులకు వరుసగా వేసుకుంటుంది. ఇక్కడ గమనించవలసినది, ఈ నంబర్ కార్డుదే గాని కంప్యూటర్‌ది కాదు. ఒక ల్యాప్‌టాప్‌లో వైఫైకి ఒకటి, నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే ల్యాన్ పోర్టుకు ఒకటి ఉంటాయి. యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్‌ను ఒక యంత్రం నుంచి తీసి ఇంకోదానికి పెడితే ఆ నంబర్ కూడా అడాప్టర్‌తో పాటే వెళ్లిపోతుంది. దీని హద్దు మీ స్విచ్‌తో (కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే పెట్టెతో), మీ వైఫైతో ముగుస్తుంది. మీ కంప్యూటర్ పంపిన సమాచారం రౌటర్‌కు చేరగానే, రౌటర్ పాత మ్యాక్ నంబర్లున్న పై పొరను తీసేసి, తర్వాతి మజిలీకి తన సొంత నంబర్‌తో కొత్త పొర వేసి పంపుతుంది. అందువల్ల మాదాపూర్‌లోని సర్వర్‌కైనా, సింగపూర్‌లోని సర్వర్‌కైనా ఆ ప్యాకెట్లలో, అంటే ముక్కలుగా వెళ్లే ఆ సమాచారంలో, మీ మ్యాక్ నంబర్ కనిపించదు. మ్యాక్ నంబర్ తెలిస్తే ప్రపంచంలో ఎక్కడున్నా పట్టేస్తారన్న నమ్మకం మన దగ్గర చాలా గట్టిగా ఉంది గాని, దానికి ఆధారం లేదు.

ఇక ఫోన్ల సంగతి. ఫోన్ జేబులో ఉండగానే వైఫై కోసం వెతుకుతూ తన మ్యాక్ నంబర్‌ను చుట్టుపక్కల చాటేది. దాన్ని పట్టుకుని ఎవరు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో గమనించే పరికరాలు వచ్చాయి. ఆ బెడద తప్పించడానికి 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ నంబర్ వాడటం మామూలైంది. ఫోన్‌నుబట్టి, అమరికనుబట్టి ఆ కల్పిత నంబర్ కూడా మారుతుంది. మీ రౌటర్ జాబితాలో ఇవి ఏవో పోల్చుకోవడం సులభం: నంబర్‌లోని మొదటి జంటలో రెండో అక్షరం 2, 6, A, E లలో ఏదైనా అయితే, అది తయారీదారు ముద్ర వేసినది కాదు, యంత్రం తనకు తాను పెట్టుకున్నది. అంటే మీ విద్యార్థులు ఏదో చాకచక్యం చూపిస్తున్నారని అనుకోనక్కరలేదు; చాలామందికి ఈ సంగతి తెలిసి కూడా ఉండదు. అయినా మ్యాక్ నంబర్ అడ్డుకట్ట ఎప్పుడూ తాళంగా పనికిరాలేదు. ఒక యంత్రం నంబర్‌ను ఇంకో యంత్రానికి పెట్టుకోవడం కొద్ది నిమిషాల పని. ఆ జాబితాను మొత్తంగా తీసేసి, విద్యార్థులకు వేరే పేరుతో గెస్ట్ వైఫై ఇవ్వండి. ఆఫీసు వైఫై పాస్‌వర్డ్‌ను మార్చి సిబ్బందికి మాత్రమే చెప్పండి.

ప్రింటర్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మీ రెండో ఇబ్బందే మొదటిదాన్ని పెంచి పోషిస్తోంది. మీరు జతచేసిన స్క్రీన్‌షాట్‌లో రౌటర్ 192.168.1.100 నుంచి 192.168.1.199 వరకు ఉన్న 100 అడ్రస్‌లను 24 గంటల లీజు మీద పంచుతోంది. ఈ పంపకం చేసే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. ఇప్పటికీ వాడుకలో ఉన్న దాని ప్రమాణం 1997 నాటిది. యంత్రం ఆన్ కాగానే అడ్రస్ ఇవ్వగలవారు ఎవరున్నారని నెట్‌వర్క్ అంతటికీ వినిపించేలా అడుగుతుంది. రౌటర్ ఒక అడ్రస్ చూపిస్తుంది. యంత్రం దాన్ని కోరుతుంది. రౌటర్ ఖరారు చేసి గడువు చెబుతుంది. గడువులో సగం గడిచాక యంత్రం పొడిగింపు అడుగుతుంది. యంత్రం ఆఫ్‌లో ఉంటే అడిగేవారు ఉండరు గనుక గడువు తీరిపోతుంది, ఆ అడ్రస్ తిరిగి ఖాళీల జాబితాలో పడుతుంది.

మీ ప్రింటర్ శనివారం సాయంత్రం ఆపితే సోమవారం ఉదయం ఆన్ అవుతుంది. పాత అడ్రస్ ఇంకా ఖాళీగా ఉంటే రౌటర్ చాలావరకు దాన్నే తిరిగి ఇస్తుంది. అందుకే ఎక్కువ రోజులు ఏ గొడవా ఉండదు. ఈలోగా ఏ విద్యార్థి ఫోనో దాన్ని తీసుకుని ఉంటే ప్రింటర్‌కు ఇంకో అడ్రస్ వస్తుంది. మీ కంప్యూటర్లు మాత్రం ప్రింటర్‌ను జోడించిన రోజు రాసుకున్న పాత అడ్రస్‌కే ప్రింట్లు పంపుతూ ఉంటాయి, అక్కడ ఉన్న ఫోనుకు వాటితో పని లేదు, తెర మీద ‘ఆఫ్‌లైన్’ అని వస్తుంది. ప్రింటర్ చెడిపోలేదు, కేబుల్ చెడిపోలేదు. తాత్కాలికంగా ఇచ్చిన అడ్రస్‌ను శాశ్వతమైనదిగా రాసుకోవడమే కారణం.

ఉదయం, సాయంత్రం రెండు బ్యాచ్‌లలో కలిపి రెండు వందలకు పైగా విద్యార్థులు వస్తారని రాశారు. వారిలో సగం మంది ఫోన్లు చేరినా, 24 గంటల లీజు వల్ల ఉదయం వచ్చి వెళ్లిపోయినవారి అడ్రస్‌లు సాయంత్రానికి కూడా ఖాళీ కావు. నంబర్ మార్చుకుని వచ్చిన ఫోన్ రౌటర్ లెక్కలో ఇంకో కొత్త యంత్రం. 100 అడ్రస్‌లు అయిపోయాయి కాబట్టే మీ ల్యాబ్‌లో కొన్ని కంప్యూటర్లు 169.254తో మొదలయ్యే అడ్రస్ చూపిస్తున్నాయి. ఆ అంకెలు కనిపిస్తే అర్థం ఒక్కటే: కంప్యూటర్ అడిగింది, ఎవరూ జవాబివ్వలేదు, చేసేది లేక తనకు తానే ఒకటి వేసుకుంది. దానితో ఇంటర్నెట్ నడవదు.

దీనికి చేయవలసినది చెబుతాను. ప్రింటర్లు, డీవీఆర్ (సీసీ కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే పెట్టె), బయోమెట్రిక్ యంత్రం వంటి కదలని వస్తువులకు రౌటర్‌లోనే ‘అడ్రస్ రిజర్వేషన్’ పెట్టండి, అంటే ఫలానా మ్యాక్ నంబర్‌కు ఎప్పుడూ ఫలానా అడ్రస్సే ఇవ్వమని రాసిపెట్టండి. ఇవి తమ అసలు మ్యాక్ నంబర్‌ను దాచుకోవు, హద్దు కూడా మీ భవనమే, కాబట్టి మ్యాక్ నంబర్‌ను నమ్ముకోదగిన చోటు ఇదే. కొందరు టెక్నీషియన్లు ప్రింటర్ మెనూలోకి వెళ్లి చేత్తో 192.168.1.150 వంటి అడ్రస్ వేసి వెళ్లిపోతారు. ఆ అంకె రౌటర్ పంచుతున్న వరుసలోనే ఉంది గనుక ఏదో ఒక రోజు రౌటర్ దాన్ని ఇంకొకరికి కూడా ఇవ్వవచ్చు. అప్పుడు ‘ఈ అడ్రస్ ఎవరిది’ అని కంప్యూటర్ అడిగితే రెండు యంత్రాలు ‘నాదే’ అంటాయి, ఏ జవాబు అందితే ప్రింట్ అటు పోతుంది. చేత్తో వేయక తప్పదనుకుంటే 192.168.1.10 నుంచి 99 లోపు, అంటే పంపకం వరుసకు బయట వేయండి. గెస్ట్ వైఫై లీజును రెండు గంటలకు తగ్గించండి. గెస్ట్ వైఫై విద్యార్థులకు వేరే వరుస అడ్రస్‌లు ఇచ్చేలా చూడండి. మీ రౌటర్‌లో ఆ వీలు లేకపోతే వీల్యాన్ చేయగల, అంటే ఒకే నెట్‌వర్క్‌ను వేర్వేరు భాగాలుగా విడదీయగల రౌటర్, స్విచ్ సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో తేలికగా దొరుకుతాయి.

‘వేరే వరుస’ అంటే ఏమిటో చెప్పాలంటే సబ్‌నెట్ మాస్క్ అర్థం కావాలి. మన నగరంలో పాత ఇంటి నంబర్లలో మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, తర్వాతిది ఇల్లు. 3-6 అని చూడగానే హిమాయత్‌నగర్ వైపు అని పోస్ట్‌మ్యాన్‌కు తెలిసిపోతుంది, ఇంటి అంకెతో అక్కడికి వెళ్లాకే పని. ఐపీ అడ్రస్‌లో కూడా ముందు భాగం నెట్‌వర్క్‌ది, వెనుక భాగం యంత్రానిది. ముందు భాగం ఎంతవరకో చెప్పేదే మాస్క్. 255.255.255.0 అంటే మొదటి మూడు అంకెలు నెట్‌వర్క్‌వి, చివరి అంకె యంత్రానిది, వాడుకోదగినవి 254. మీ కంప్యూటర్ ఎవరికైనా ఏదైనా పంపేటప్పుడు తన అడ్రస్, అవతలి అడ్రస్ రెండింటి ముందు భాగాలను పోల్చి చూస్తుంది. అవి ఒకటే అయితే నేరుగా పంపుతుంది, వేరైతే గేట్‌వేకు, అంటే రౌటర్‌కు అప్పగిస్తుంది. విద్యార్థుల ఫోన్లను 192.168.2 వరుసలోకి మారిస్తే అవి మీ ప్రింటర్‌ను చేరాలన్నా రౌటర్ దాటి రావాలి, అక్కడ మీరు అడ్డుకోవచ్చు.

ల్యాబ్ కంప్యూటర్లన్నీ ఒకే డిస్క్ నుంచి కాపీ చేసినవని రాశారు గనుక ఒక చిన్న హెచ్చరిక. లినక్స్‌లో ‘మెషీన్ ఐడీ’ అనే గుర్తింపు డిస్క్‌లోనే ఉంటుంది. ఉబుంటు సర్వర్ 18.04 నుంచి డీహెచ్‌సీపీ అడిగేటప్పుడు మ్యాక్ నంబర్‌కు బదులు ఆ ఐడీ నుంచి పుట్టిన గుర్తింపును పంపడం మామూలు అమరికగా వచ్చింది. డిస్క్ కాపీ చేస్తే ఐడీ కూడా కాపీ అవుతుంది, పది యంత్రాలు ఒకటేనని భ్రమపడి కొన్ని రౌటర్లు పదింటికీ ఒకే అడ్రస్ ఇస్తాయి. మీవి విండోస్ యంత్రాలే అయితే కాపీ తీయడానికి ముందు ‘సిస్‌ప్రెప్’ (యంత్రం సొంత గుర్తింపులను తుడిచేసే విండోస్ పనిముట్టు) నడపడం అలవాటు చేసుకోండి. లేకపోతే కంప్యూటర్ పేర్లు కూడా ఒకటే అయి కూర్చుంటాయి.

ఇప్పుడు కెమెరాలు. 1981లో ఖరారైన ఐపీ నాలుగో వెర్షన్‌లో అడ్రస్‌కు 32 బిట్లు ఉన్నాయి, అంటే మొత్తం సుమారు 429 కోట్ల అడ్రస్‌లు. అప్పట్లో అది తరగని నిధిలా కనిపించింది. కేంద్ర నిల్వను చూసే ఐఏఎన్ఏ 2011 ఫిబ్రవరి 3న చివరి ఐదు పెద్ద భాగాలను ప్రపంచంలోని ఐదు ప్రాంతీయ సంస్థలకు తలా ఒకటి ఇచ్చేసింది. మన ఆసియా పసిఫిక్ సంస్థ ఏపీనిక్ అదే ఏప్రిల్‌లో తన చివరి భాగానికి చేరి రేషన్ మొదలుపెట్టింది. మన దేశంలో ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలకు అడ్రస్‌లు పంచేది ఆ ఏపీనిక్, దాని కింద మన దేశపు సంస్థ నిక్సీ నడిపే ఐఆర్ఐఎన్ఎన్ అనే విభాగం. కొత్తగా అడ్రస్‌లు దొరకడం కష్టం కాబట్టి ఉన్నవాటినే పలువురికి పంచుకోవలసి వచ్చింది.

ఆ పంచుకోవడంలో మొదటి మెట్టు మీ రౌటర్‌లోనే ఉంది. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి ఎవరైనా తమ గోడల లోపల వాడుకోవచ్చని 1996లో ప్రమాణం రాశారు. మీ పక్క భవనంలోనూ 192.168.1.37 ఉంటుంది, కూకట్‌పల్లిలోనూ ఉంటుంది. ఇవి బయట చెల్లవు గనుక, బయటికి వెళ్లే ప్రతి ప్యాకెట్‌లో లోపలి అడ్రస్ తీసేసి తన బయటి అడ్రస్ వేస్తుంది రౌటర్. ఏది ఎవరిదో గుర్తుంచుకోవడానికి పోర్ట్ నంబర్లు వాడుకుంటుంది. దీన్నే నాట్ అంటారు. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఈ లెక్కల పుస్తకంలో ముందే ఒక వరుస రాసిపెట్టడం: ఫలానా పోర్ట్‌కు బయటి నుంచి ఎవరొచ్చినా డీవీఆర్‌కు పంపు అని.

అయితే మీ రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే రౌటర్‌కు బయటి వైపు ఉన్న అడ్రస్, 100.72తో మొదలవుతోందని రాశారు. అదే అసలు సంగతి. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రస్‌లను 2012లో ప్రత్యేకంగా ఇంటర్నెట్ కంపెనీల లోపలి వాడకానికి కేటాయించారు. అంటే మీ రౌటర్‌కు వచ్చింది కూడా లోపలి అడ్రస్సే. దాని పైన మీ కంపెనీ దగ్గర ఇంకో పెద్ద నాట్ ఉంది, దాని పుస్తకంలో రాసే అధికారం మీకు లేదు. బయటి నుంచి వచ్చిన పిలుపు అక్కడే ఆగిపోతుంది, మీ రౌటర్ తలుపు వరకు రాదు. మీ టెక్నీషియన్ పెట్టిన అమరికలో తప్పేమీ లేదు, అతన్ని మళ్లీ మళ్లీ పిలిపించి ప్రయోజనం కూడా లేదు. ఎవరికైనా ఈ అనుమానం వస్తే, వ్యాన్ ఐపీని, బయటి వెబ్‌సైట్ ‘మీ ఐపీ ఇది’ అని చూపించేదాన్ని పోల్చి చూస్తే చాలు. రెండూ వేరైతే మధ్యలో ఇంకో నాట్ ఉన్నట్టే. వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే మాత్రం ముందు గోడ మీది ఫైబర్ పెట్టెను అనుమానించాలి, అది కూడా రౌటర్‌లా నడుస్తూ ఉండవచ్చు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లోకి, అంటే రౌటర్ పని మానేసి సమాచారాన్ని ఉన్నదున్నట్టు అందించే పద్ధతిలోకి, మార్చమని కంపెనీని అడగాలి.

మీకు మూడు దారులున్నాయి, మూడూ సమానమైనవి కావు. కంపెనీ దగ్గర నెలవారీ రుసుముకు స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఇచ్చే, మారని బయటి అడ్రస్) తీసుకుంటే పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేస్తుంది, కాని డీవీఆర్ నేరుగా ప్రపంచానికి తెరుచుకుంటుంది. పాత సాఫ్ట్‌వేర్, ఊహించదగిన పాస్‌వర్డ్ ఉన్న డీవీఆర్‌ను యంత్రాలతో వెతికి పట్టుకునేవారు రాత్రింబవళ్లు పనిచేస్తుంటారు, కాబట్టి దీన్ని నేను సలహా ఇవ్వను. డీవీఆర్ తయారీదారు ఇచ్చే క్లౌడ్ యాప్ సులువైనది. డీవీఆరే లోపలి నుంచి బయటికి కనెక్షన్ తెరుస్తుంది గనుక నాట్ ఎన్ని పొరలున్నా అడ్డు కాదు, కాకపోతే మీ దృశ్యాలకు మధ్యవర్తి ఒకడు ఏర్పడతాడు. నేనైతే వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా మీ లోపలి నెట్‌వర్క్‌కు వేసే రహస్య దారి, పెడతాను. మీ ప్రస్తుత కనెక్షన్‌లో ఆ వీపీఎన్ కూడా లోపలి నుంచే బయటికి మొదలవ్వాలి. టెయిల్‌స్కేల్ వంటివి ఆ పద్ధతిలోనే పనిచేస్తాయి. మీ ఫోన్ ఆ వీపీఎన్‌లో చేరితే డీవీఆర్‌ను లోపలి అడ్రస్‌తోనే చూస్తుంది, బయట ఏ తలుపూ తెరవనక్కరలేదు.

ఐపీ ఆరో వెర్షన్ ఉంటే ఈ నాట్ అవసరమే ఉండదు కదా అని మీకు అనిపించవచ్చు. సూత్రానికి నిజమే: అందులో అడ్రస్‌కు 128 బిట్లు, ప్రతి యంత్రానికీ ప్రపంచమంతటా చెల్లే సొంత అడ్రస్ ఇవ్వవచ్చు, మన మొబైల్ నెట్‌వర్క్‌లలో అది విరివిగా వాడుకలో ఉంది. కాని అక్కడా ‘ఒక యంత్రానికి ఒక నంబర్’ దొరకదు. ఒకే ల్యాప్‌టాప్‌కు ఎఫ్ఈ80తో మొదలై మీ గోడ దాటని అడ్రస్ ఒకటి, స్థిరంగా ఉండేది ఒకటి, బయటి సైట్లు చూడటానికి కొంతకాలానికి మారిపోయేది ఒకటి ఉంటాయి. మొదట్లో మ్యాక్ నంబర్‌నే అడ్రస్ వెనుక సగంలో ఇమిడ్చేవారు. అలా చేస్తే మనిషి ఏ ఊళ్లో ఏ వైఫైలో చేరినా ఆ సగం మారక వెంటాడుతుందని గ్రహించి తాత్కాలిక అడ్రస్‌లు తెచ్చారు.

పరీక్షల వెబ్‌సైట్ విషయం ఇప్పుడు తేలిపోతుంది. దానికి మీ 40 కంప్యూటర్లు ఒక్క అడ్రస్‌గానే కనిపిస్తాయి. పైగా కంపెనీ నాట్ వల్ల మీకు సంబంధం లేని ఇతర ఖాతాదారులు కూడా అదే అడ్రస్‌లో ఉంటారు, వారిలో ఎవరు అతి చేసినా ఆ నింద మీ మీద పడుతుంది. స్టాటిక్ ఐపీ తీసుకుంటే ఇతరుల లెక్క తప్పుతుంది గాని ముప్పై దరఖాస్తులు ముప్పైగానే మిగులుతాయి. వాటిని రెండు మూడు రోజులకు పంచి వేయించండి, చివరి తేదీ దాకా ఆగకండి. వెబ్‌సైట్ మిమ్మల్ని చెన్నైలోనో ముంబైలోనో ఉన్నట్టు చూపిస్తే కంగారు పడకండి. మీ కంపెనీ ఆ అడ్రస్‌ను ఎక్కడ నమోదు చేసుకుందో దాన్నిబట్టి వేసిన ఊహ అది.

పేర్ల గురించి రెండు మాటలు చాలు. డీఎన్ఎస్ పేరును అడ్రస్‌గా మారుస్తుంది, అంతే. ఒకే అడ్రస్ మీద వందల వెబ్‌సైట్లు ఉండవచ్చు, ఒకే పేరుకు పలు అడ్రస్‌లు ఉండవచ్చు. మీ సెంటర్ వెబ్‌సైట్‌కు డాట్ భారత్‌తో తెలుగు పేరు తీసుకున్నా, బ్రౌజర్ దాన్ని లోపల ఇంగ్లీషు అక్షరాల వరుసగా మార్చుకునే అడుగుతుంది. భవనం లోపల మాత్రం ప్రింటర్‌ను అడ్రస్‌తో కాక పేరుతో జోడిస్తే సగం బాధలు తగ్గుతాయి, మీ రౌటర్ ఆ పేర్లను సరిగ్గా చెప్పగలిగితే.

చివరగా, మీ నెట్ వాడి ఎవరైనా తప్పుడు పని చేస్తే దాన్ని ఎలా గుర్తిస్తారని కూడా అడిగారు. వెబ్‌సైట్ దగ్గర ఉండేది బయటి ఐపీ అడ్రస్, సమయం. పలువురు పంచుకునే అడ్రస్ అయితే పోర్ట్ నంబర్ కూడా ఉంటేనే కంపెనీ అది మీ కనెక్షన్ అని చెప్పగలుగుతుంది. అక్కడి నుంచి మీ గోడ లోపల ఎవరో చెప్పవలసినది మీ రౌటర్ లాగ్, అంటే ఎప్పుడు ఏ యంత్రం చేరిందో రౌటర్ రాసుకునే చిట్టా. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు సర్వీస్ ప్రొవైడర్లు, కంపెనీల వంటివారు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని చెబుతున్నాయి. అవి మీకు వర్తించేదీ లేనిదీ మీ ఆడిటర్‌ను అడగండి, కాని లాగ్ ఉంచుకోవడం ఎలాగూ మీకే మేలు. గెస్ట్ వైఫైలో ఒక్కో విద్యార్థికి ఒక్కో లాగిన్ ఇస్తేనే అందులో మనుషుల పేర్లు ఉంటాయి, లేకపోతే కల్పిత మ్యాక్ నంబర్ల వరుస తప్ప ఏమీ మిగలదు. ఆ అడ్రస్‌లన్నీ గంటగంటకూ చేతులు మారేవి కాబట్టి లాగ్‌లోని సమయం తప్పితే అది పనికిరాదు, తప్పు మనిషిని చూపించవచ్చు కూడా. మీ డీవీఆర్ స్క్రీన్‌షాట్‌లో గడియారం అయిదున్నర గంటలు వెనుక ఉంది. ఈ రోజే రౌటర్‌లో, డీవీఆర్‌లో టైమ్ జోన్‌ను జీఎంటీ +5:30కు మార్చి, సమయాన్ని ఎన్‌టీపీ సర్వర్ (ఇంటర్నెట్ ద్వారా సరైన సమయం చెప్పే సర్వర్) నుంచి తీసుకునేలా పెట్టండి.